రెండు నాబ్‌లు, ఒక చెవి

రెండు నాదస్వరాలు ఒకే కీర్తనను కలిసి పలికితే ఒక్క వాద్యానికి లేని నిండుదనం వస్తుంది. విద్వాంసులిద్దరూ ఎంత శ్రుతిశుద్ధంగా వాయించినా ఒకరి ఊపిరి ఇంకొకరి ఊపిరితో అచ్చంగా కలవదు. ఒకరు వెంట్రుకవాసి ముందుంటారు, ఒకరు వెనకుంటారు. ఒకరి స్వరం అణువంత పైన, మరొకరిది అణువంత కింద ఉంటుంది. ఆ తేడా క్షణక్షణం మారుతూ ఉంటుంది. చెవి దాన్ని అపశ్రుతిగా వినదు, సమృద్ధిగా వింటుంది. పన్నెండు తీగల గిటారులోనూ, మాండొలిన్ జంట తీగల్లోనూ మనకు నచ్చేది ఈ చిన్న తేడానే. అనలాగ్ కోరస్ పెడల్ చేసేదీ ఇదే పని. మీరు వాయిస్తున్న గిటారు పక్కన ఇంకో గిటారును తెచ్చి నిలబెడుతుంది.

పాతకాలం నమూనా పెడల్ మీద ఉండేవి సాధారణంగా రెండే నాబ్‌లు, రేట్, డెప్త్. వాటిని తిప్పడం ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. ఎంతవరకు తిప్పాలి, ఎక్కడ ఆపాలి, పాటలో ఏ భాగంలో అసలు పెడల్ జోలికే పోకూడదు అన్న నిర్ణయం మాత్రం అంత త్వరగా రాదు. దానికి కారణం మన చెవి స్వభావం. ఏ ధ్వనికైనా అది తొందరగా అలవాటు పడుతుంది. సాయంత్రం సాధనకు కూర్చున్నప్పుడు అద్భుతంగా ఉన్న కోరస్ అరగంట గడిచేసరికి చప్పగా తోస్తుంది. చెయ్యి నాబ్ మీదకు పోతుంది. ఇంకొంచెం, మరికొంచెం. రాత్రి రికార్డు చేసుకున్నది తెల్లారి వింటే గిటారు నీళ్లలో మునిగినట్టుంటుంది. పెడల్‌లో లోపం లేదు, మన చేతిలోనూ లేదు. అలవాటు పడిన చెవిని నమ్మి తీసుకున్న నిర్ణయం అది. ఈ అధ్యాయంలో చెప్పే పద్ధతులన్నీ ఆ అలవాటును దాటి వినడానికి పనికొచ్చేవే.

పెట్టె లోపల ఏం జరుగుతుంది

లోపల ఏం జరుగుతోందో తెలిసిన చెయ్యి నాబ్‌ను వేరేగా తిప్పుతుంది. అందుకని ముందు కొంచెం సాంకేతిక విషయం.

1969లో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ పరిశోధనశాలలో సాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు ఒక కొత్త సర్క్యూట్‌ను రూపొందించారు. ఊళ్లో ఇల్లంటుకుంటే బావి దగ్గర నుంచి ఇంటిదాకా జనం వరుసగా నిలబడి నీళ్ల బకెట్లు చేతులు మార్చుకుంటారే, ఆ సర్క్యూట్ పనితీరు అచ్చం అంతే. దానికి వాళ్లు పెట్టిన పేరు కూడా బకెట్ బ్రిగేడ్. గిటారు సిగ్నల్‌లోని ఒక్కో క్షణపు వోల్టేజీని ఒక కెపాసిటర్ పట్టుకుని, క్లాక్ కొట్టగానే పక్కదానికి అందిస్తుంది. వరుస చివరికి చేరేసరికి సిగ్నల్ కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. తర్వాతి కాలంలో జపాన్‌కు చెందిన మత్సుషిత కంపెనీ ఇలాంటి చిప్‌లను పెద్ద ఎత్తున తయారుచేసింది. వాటిలో ఎంఎన్3007 అన్నది గిటారిస్టులకు బాగా తెలిసిన పేరు. అందులో 1024 దశలున్నాయి. క్లాక్ వేగాన్ని బట్టి 5.12 నుంచి 51.2 మిల్లీసెకన్ల వరకు ఆలస్యం ఇవ్వగలదు.

ఆలస్యం స్థిరంగా ఉంటే అది కోరస్ కాదు. పెడల్‌లో ఇంకో నెమ్మదైన ఆసిలేటర్ ఉంటుంది. అది క్లాక్ వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. దాంతో ఆలస్యం సాగుతూ కుదించుకుపోతూ ఉంటుంది. ఆలస్యం తగ్గుతున్నంతసేపూ స్వరం కొద్దిగా పైకి, పెరుగుతున్నంతసేపూ కొద్దిగా కిందికి జరుగుతుంది. దగ్గరికి వస్తున్న రైలు కూత హెచ్చి, దాటి పోతున్నప్పుడు తగ్గడానికి వెనక ఉన్న భౌతిక సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. ఇలా ఊగే సిగ్నల్‌ను అసలు సిగ్నల్‌తో కలిపితే కోరస్. అసలు సిగ్నల్‌ను తీసేసి ఊగేదాన్ని ఒక్కదాన్నే వినిపిస్తే వైబ్రాటో.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఆలస్యం 4 నుంచి 8 మిల్లీసెకన్ల మధ్య సమవేగంతో ఊగుతోందనుకోండి. ఒక ఊపుకు 2 సెకన్లు పడితే స్వరం ఒక ఫ్రెట్ దూరంలో దాదాపు 7 శాతం మాత్రమే అటూ ఇటూ జరుగుతుంది. అది హాయిగా ఉంటుంది. డెప్త్‌ను ముట్టుకోకుండా రేట్‌ను పెంచి సెకనుకు 3 ఊపులు చేశారనుకోండి. ఇప్పుడు స్వరం ఫ్రెట్ దూరంలో 40 శాతం దాటి జరుగుతోంది. అది నిఖార్సైన అపశ్రుతి. రేట్ నాబ్ వేగాన్ని మాత్రమే మారుస్తుందని చాలామంది అనుకుంటారు. స్వరం ఎంత పక్కకు జరుగుతుందో కూడా అదే మారుస్తుంది. కాబట్టి రేట్ పెంచిన ప్రతిసారీ డెప్త్ తగ్గించాలి. పెడల్ గురించి ఒక్క నియమమే నేర్చుకోదలిస్తే ఇది నేర్చుకోండి.

క్లాక్ చప్పుడు బయటికి వినపడకుండా చిప్‌కు ముందూ వెనకా ఫిల్టర్లు పెడతారు. అవి ఆలస్యమైన సిగ్నల్‌లో పై పౌనఃపున్యాలను కొంత కోసేస్తాయి. దానివల్ల పక్కన నిలబడ్డ రెండో గిటారు మొదటిదానికంటే కాస్త మసకగా ఉంటుంది. మీ పిక్ తీగను తాకిన స్పష్టత మొదటి గిటారుదే, వెనక పరుచుకునే వెచ్చదనం రెండోదానిది. అనలాగ్ కోరస్ మీద నాకున్న ఇష్టానికి మూలం ఈ తేడా. మంచి డిజిటల్ పెడల్స్ కూడా ఈ గుణాన్ని పట్టుకోగలవు. మీ దగ్గర అదే ఉంటే దాంతోనే మొదలుపెట్టండి.

రెండు స్పీకర్ల మధ్య గాలిలో

ఇకుతారో కకెహాషి 1972లో జపాన్‌లోని ఒసాకాలో రోలాండ్ కంపెనీని స్థాపించారు. ఆ కంపెనీ 1975లో తెచ్చిన జేసీ-120 జాజ్ కోరస్ యాంప్‌లో 60 వాట్ల యాంప్లిఫయర్లు రెండు, 12 అంగుళాల స్పీకర్లు రెండు ఉన్నాయి. కోరస్ వేసినప్పుడు ఒక స్పీకర్ నుంచి నేరు సిగ్నల్, రెండోదాన్నుంచి ఊగే సిగ్నల్ వస్తాయి. ఆ రెండూ కలిసేది వైరులో కాదు, వినేవారి ముందున్న గాలిలో. ఆ యాంప్ మోగుతున్న గదిలో నిలబడి విన్నవారికి ఆ విశాలత ఎంత సహజంగా ఉంటుందో తెలుసు. వాయించేటప్పుడు భారీ డిస్టార్షన్ వాడే మెటాలికా గిటారిస్టు జేమ్స్ హెట్‌ఫీల్డ్ కూడా క్లీన్ భాగాలకు ఈ యాంప్‌నే నమ్ముకున్నారు.

మరుసటి ఏడాది, 1976లో, ఆ కోరస్ సర్క్యూట్‌ను యాంప్ నుంచి విడదీసి బాస్ (Boss) అనే బ్రాండ్ పేరుతో కాలితో నొక్కే పెట్టెగా తెచ్చారు. అదే సీఈ-1. బరువైన పెట్టె, నేరుగా కరెంటు ప్లగ్గుతో నడిచేది. 1979లో అరచేతిలో పట్టే లేత నీలం సీఈ-2 వచ్చింది. దానికి రేట్, డెప్త్ తప్ప ఇంకేమీ లేవు. న్యూయార్క్‌కు చెందిన ఎలక్ట్రో-హార్మోనిక్స్ వాళ్ల స్మాల్ క్లోన్‌కు ఒకే నాబ్, ఒక చిన్న డెప్త్ స్విచ్. 1991లో వచ్చిన నిర్వాణా ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’లోని ‘కమ్ యాజ్ యు ఆర్’ పాటలో కర్ట్ కొబేన్ గిటారుకు ఆ నీటి తళుకునిచ్చింది స్మాల్ క్లోనే. ఆ పాటను ఈ అధ్యాయం దృష్టితో ఒకసారి వినండి. కింది తీగల మీద ఒక్కొక్క స్వరమే, మధ్యలో చోటు వదులుతూ సాగుతుంది. కోరస్ ధారాళంగానే ఉంది. అయినా బురదగా లేదు, ఎందుకంటే అది ఊగడానికి వాయించినవారు జాగా వదిలారు.

ముందు శ్రుతి, తర్వాతే స్విచ్

కోరస్ వేయకముందు గిటారును జాగ్రత్తగా శ్రుతి చేయండి. పెడల్ మీ స్వరాన్ని అటూ ఇటూ జరుపుతుంది కాబట్టి, శ్రుతిలో మీరు వదిలిన చిన్న తప్పు మీద అది తన ఊపును చేరుస్తుంది. రెండూ కలిసి పెద్దవవుతాయి. ట్యూనర్ పెడల్ కోరస్ కంటే ముందు ఉండాలి. కోరస్ తర్వాత పెడితే ఊగుతున్న స్వరాన్ని చదవలేక ట్యూనర్ తికమకపడుతుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఇంటొనేషన్ తేడా ఉన్న గిటారుకు ముందు ఆ మరమ్మతు చేయించండి. కోరస్ దాన్ని కప్పిపుచ్చదు.

పెడల్స్ వరుసలో కోరస్ చోటు సాధారణంగా ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్‌ల తర్వాత, డిలే, రివర్బ్‌లకు ముందు. డిస్టార్షన్‌కు ముందు పెడితే ఊగే సిగ్నల్, నేరు సిగ్నల్ కలిసి నలిగి ముద్దవుతాయి. కొందరు కావాలనే అలా వాడతారు. మొదట నేర్చుకునేటప్పుడు వద్దు. డిస్టార్షన్‌ను యాంప్ లోపల నుంచే తీసుకునేవారు పెడల్‌ను యాంప్ వెనకున్న ఎఫెక్ట్స్ లూప్‌లో కలపాలి.

ఇప్పుడు యాంప్ క్లీన్‌గా పెట్టి, నాబ్‌లు రెండూ పూర్తిగా ఎడమకు తిప్పండి. ఒక ఓపెన్ కార్డ్ మీటి పూర్తిగా మోగనివ్వండి. రేట్ అక్కడే ఉంచి డెప్త్‌ను నెమ్మదిగా పెంచండి. ఒక చోట ధ్వని వెడల్పయినట్టు తోస్తుంది. ఇంకా పెంచితే ఒక చోట స్వరం వంగుతున్నట్టు స్పష్టంగా వినిపిస్తుంది. ఈ రెండు చోట్లనూ గుర్తుపెట్టుకోండి. సన్నని టేపు ముక్క అతికించి పెన్సిలుతో గీత గీసినా మంచిదే. మీకు కావలసినదంతా ఆ రెండు గీతల మధ్యే ఉంది. రేట్‌ను కొద్దిగా పెంచి మళ్లీ చేయండి. ఈసారి రెండు గీతలూ ఎడమకు జరుగుతాయి, వాటి మధ్య దూరం కూడా తగ్గుతుంది. రేట్ ఎంత పెరిగితే మీకున్న జాగా అంత ఇరుకవుతుందని ఇప్పుడు లెక్కతో పని లేకుండా చేతికే తెలుస్తుంది.

చెవి అలవాటు పడకముందే ఈ గీతలు గీసుకోవాలి. అందుకే సాధన మొదట్లోనే, కొంతసేపు నిశ్శబ్దంగా కూర్చున్నాక ఈ పని చేయండి. అరగంట వాయించాక ఇంకొంచెం కావాలనిపిస్తే గీత వైపు చూడండి. గీత గీసింది తాజా చెవి, ఇంకా అడుగుతున్నది అలసిన చెవి. ఏదో ఒకటి మార్చాలనే అనిపిస్తే పెడల్ ఆపేసి రెండు పాటలు కోరస్ లేకుండా వాయించి, మళ్లీ వేయండి. చాలాసార్లు నాబ్ ముట్టుకోనక్కర లేకుండానే మొదటి ఆనందం తిరిగి వస్తుంది.

ఫోన్‌లో రికార్డు చేసుకోవడం ఇంకో మంచి అలవాటు. ఒకే వరుసను కోరస్ లేకుండా ఒకసారి, మొదటి గీత దగ్గర ఒకసారి, రెండో గీత దగ్గర ఒకసారి వాయించండి. వెంటనే వినకండి, మర్నాడు వినండి. తెల్లారి విన్నప్పుడు మీరు వాయించినవారుగా కాక విన్నవారుగా ఉంటారు. కొత్తగా నేర్చుకుంటున్నవారు ఆ మూడింటిలో రెండో గీత రికార్డును ఎంచుకోవడం నేను అరుదుగా చూశాను.

ఊపు వేగాన్ని పాట లయతో కూడా పోల్చి చూసుకోవాలి. నిమిషానికి 120 బీట్ల పాటలో నాలుగు బీట్ల బార్ సరిగ్గా 2 సెకన్లు. పెడల్ ఊపు కూడా ఇంచుమించు 2 సెకన్లయితే మొదటి కొన్ని బార్లు కలిసి నడుస్తాయి, తర్వాత కొద్దికొద్దిగా తప్పుకుంటాయి. తాళం తప్పుతున్నట్టు ఒక అసౌకర్యం మొదలవుతుంది, డ్రమ్మర్ వైపు అనుమానంగా చూస్తాం. పాత అనలాగ్ పెడల్‌కు పాట వేగం తెలియదు. కాబట్టి దాన్ని లయతో కలపాలని చూడకండి, లయకు దూరంగా నెమ్మదిగా ఉంచండి. ఊపు బార్ కంటే స్పష్టంగా పొడవుగా ఉంటే చెవి దాన్ని లెక్కపెట్టడం మానేస్తుంది.

పాత పెట్టె కొనేవారికి, వేదిక మీద వాయించేవారికి

జపాన్‌లో అమ్మడానికి తయారైన సీఈ-1 అక్కడి 100 వోల్టుల కరెంటుకు తయారైనది. మన ఇళ్లలో ఉన్నది 230. వెనకున్న లేబుల్ చదవకుండా ప్లగ్గు పెడితే నలభై ఏళ్లు బతికిన పెట్టె ఒక్క క్షణంలో పోతుంది. వోల్టేజీ సరిపోని పక్షంలో సరైన స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. తొలినాటి సీఈ-2లకు అడుగున ‘ఏసీఏ’ అడాప్టర్ అని రాసి ఉంటుంది. వాటికి నేటి 9 వోల్టుల అడాప్టర్ ఒక్కదాన్నే పెడితే లైటు మసకగా వెలుగుతుంది. అది చూసి పెడల్ చెడిపోయిందని తక్కువ ధరకు అమ్మేవారూ, భయపడి కొననివారూ ఉన్నారు. బ్యాటరీ పెట్టి చూస్తే నిజం తెలుస్తుంది.

పాత పెడల్‌లో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు. ఆసిలేటర్ ఊపుతో పాటు టిక్, టిక్ అనే చిన్న చప్పుడు రావచ్చు. నమ్మకమైన మెకానిక్‌కు ఇవ్వండి. లోపలి చిన్న ట్రిమ్ స్క్రూలను ఊరికే తిప్పి చూడకండి. అవి కొలిచి సరిచేసినవి. చిప్ మార్చాల్సి వస్తే దొరికే చోటు చూసి కొనండి, పాత ఎంఎన్ చిప్‌ల పేరుతో నకిలీలు చాలా తిరుగుతున్నాయి. ఈ శ్రమ అక్కరలేదనుకుంటే, 2016లో బాస్ తెచ్చిన సీఈ-2డబ్ల్యూలో సీఈ-1, సీఈ-2 రెండు ధ్వనులూ ఉన్నాయి. స్మాల్ క్లోన్ కొత్తగానూ దొరుకుతోంది. పాతదన్న పేరుకు ఎక్కువ పెట్టడం కంటే మిగిలిన డబ్బుతో మంచి పవర్ సప్లై కొనమనే నా సలహా. బకెట్ బ్రిగేడ్ పెడల్స్ రెండింటికి ఒకే అడాప్టర్ నుంచి గొలుసుగా కరెంటు ఇస్తే వాటి క్లాక్‌లు ఒకదానితో ఒకటి కలిసి సన్నని కూత పుట్టించగలవు. విడివిడి అవుట్‌పుట్లున్న సప్లైతో ఆ బాధ ఉండదు.

చర్చి ఆరాధనల్లోనూ పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ వాయించే మన గిటారిస్టులకు ఇంకో ముఖ్యమైన మాట. మన సభల్లో సౌండ్ సిస్టం చాలావరకు మోనోనే. కొన్ని స్టీరియో కోరస్ పెడల్స్‌లో ఒక అవుట్‌పుట్‌లో ఊగే సిగ్నల్ నేరుగానూ, రెండోదానిలో తలకిందులుగానూ ఉంటుంది. ఆ రెండింటినీ మిక్సర్‌కు ఇచ్చి అక్కడ ఒకటిగా కలిపితే ఊగే భాగం తనను తానే కొట్టేసుకుంటుంది. స్టేజీ మీద మీకు కోరస్ ఉన్నట్టే ఉంటుంది, జనానికి వినపడదు. మోనో సిస్టం అని తెలిస్తే ఒకే అవుట్‌పుట్ నుంచి ఒకే కేబుల్ ఇవ్వండి. రెండు విడి యాంప్‌లు, వాటి మధ్య కొంత దూరం దొరికితే మాత్రం ఆ అవకాశాన్ని వదులుకోకండి. జేసీ-120 ధ్వని రహస్యం అప్పుడు మీ చెవికే అందుతుంది.

ఏది వాయిస్తున్నాం

ఓపెన్ తీగలతో మోగే కార్డ్‌లు, ఒక్కొక్క తీగను విడిగా మీటే ఆర్పెజియోలు, రెండేసి స్వరాల జంటలు, నెమ్మదిగా సాగే నేపథ్యం కోరస్‌కు పుట్టిల్లు. వేగంగా కొట్టే పవర్ కార్డ్ రిఫ్‌లకు అది బరువు.

మన పాటలు వాయించేవారు గమకం సంగతి ప్రత్యేకంగా ఆలోచించాలి. తెలుగు సినిమా పాటలోని వరుసనో కీర్తననో గిటారు మీద పలికించేటప్పుడు స్వరాన్ని బెండ్‌తోనో స్లైడ్‌తోనో ఎక్కడినుంచి ఎక్కడికి, ఎంత వేగంగా తీసుకెళ్లామన్నదే ఆ రాగానికి ప్రాణం. కోరస్ కూడా అదే స్వరాన్ని తనకు తోచిన వేగంతో జరుపుతూ ఉంటుంది. మీరు గాంధారాన్ని ఊపుతున్నప్పుడు పెడల్ కూడా దాన్ని ఊపితే వినేవారికి మీ ఊపు తెలియదు. ఎంతో సాధన చేసి సంపాదించుకున్న గమకం అలా మసకబారిపోవడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. రాగం పలికే చోట కోరస్ ఆపండి. మొహమాటం లేకుండా, ప్రతిసారీ ఆపండి.

దీన్ని సాధన చేయడానికి మీకు బాగా వచ్చిన ఒక పాట తీసుకోండి. సాహిత్యం కాగితం మీద రాసుకుని, పెడల్ వేసే చోటుకు చిన్న వృత్తం, ఆపే చోటుకు అడ్డగీత పెట్టుకోండి. పల్లవికి ముందు ఆర్పెజియో ఉంటే అక్కడ వృత్తం. గాయకుడు పల్లవి అందుకున్నాక వెనక కార్డ్‌లకు కూడా అదే ఉండనివ్వచ్చు. మధ్యలో గిటారు స్వయంగా వరుస పలికే చోట అడ్డగీత. చరణం మొదట్లో మాటలు మెల్లగా, చెవిలో చెప్పినట్టు ఉంటే అక్కడ కూడా కోరస్ లేకుండా ప్రయత్నించండి. మాట దగ్గరగా వినిపిస్తుంది. చరణం చివర పల్లవికి తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ వేస్తే ఆ వెడల్పు అప్పుడు తెలుస్తుంది. మొదటి నుంచీ వేసి ఉంచితే ఆ చోటుకు వచ్చేసరికి మీ దగ్గర ఇవ్వడానికి కొత్తగా ఏమీ మిగలదు.

స్విచ్‌ను మొదటి బీట్ మీద కాక అంతకు ముందు బీట్ మీద నొక్కడం అలవాటు చేసుకోండి. పెడల్ ఆపి ఉన్నప్పుడు కూడా లోపల ఆసిలేటర్ ఊగుతూనే ఉంటుంది. మీరు నొక్కిన క్షణంలో అది ఊపులో ఎక్కడుంటే అక్కడి నుంచే కోరస్ మొదలవుతుంది, ప్రతిసారీ వేరే చోటు నుంచి. డెప్త్ మొదటి గీతకు దగ్గరగా ఉంటే ఈ తేడా ఎవరికీ తెలియదు. రెండో గీత దగ్గర ఉంటే మాత్రం, కొన్నిసార్లు గాయకుడు పల్లవి ఎత్తుకున్న క్షణంలోనే మీ కార్డ్ శ్రుతి కిందికి జారుతూ ఉంటుంది.